కాన్పుకి మాక్ డ్రిల్

పెళ్లయిన కొత్తలో నాకొక నమ్మకం ఉండేది. ఏ ప్రమాదానికైనా ముందే కాగితం మీద పద్ధతి రాసి పెట్టుకుంటే అది మన దరికి రాదని. అప్పటికి పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరి రెండేళ్లయింది. మెడలో విజిలు వేసుకుని, ఏ డ్రమ్ము మూత వదులుగా ఉందో, ఎవడు గ్లౌజులు లేకుండా పని చేస్తున్నాడో చూస్తూ తిరగడం నా ఉద్యోగం. (మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారానికి వచ్చి ముప్ఫై ఏళ్లు లేతు మిషను ముందు నిలబడ్డాడు. ఒక్కనాడూ విజిలు ఊదే యోగం పట్టలేదాయనకి. ఆ లోటు నేను తీర్చాను.) అలాంటివాడికి భార్య నెల తప్పిందని తెలిస్తే సంతోషంతో పాటు చేతి నిండా పని కూడా దొరికినట్టే.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది రెండు వైపులా ఉన్న ఆనవాయితీ. నేను ససేమిరా అన్నాను. "ఆ టైముకి నేను పక్కనే ఉంటాను, నీ చెయ్యి పట్టుకునే ఉంటాను" అని మా ఆవిడకి మాటిచ్చాను. దాంతో మా అత్తగారే భీమవరం నుంచి ఇంద్రేశంలోని మా అద్దింటికి వచ్చారు. బాలింతకు పెట్టే కాయం సీసా, వెల్లుల్లి కారం, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నేత చీరల మూట ఆవిడ వెంట వచ్చాయి. నేను నాలుగు పేజీల ప్రణాళిక రాసి ఫ్రిజ్జుకి అంటించాను. పాత చీరలు శుభ్రత దృష్ట్యా పనికిరావని తేల్చి, డజను కొత్త టవళ్లు, పాపాయి బట్టలు కొని, బ్యాగులో సర్ది లేబులు వేశాను. పై వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ అది చూసి, "పుట్టకముందు గింత సామాను కొనొద్దు సారూ, జెర ఆగుర్రి" అంది. అమాయకులని క్షమించే నవ్వొకటి నవ్వి ఊరుకున్నాను.

అంతటితో ఆగితే బాగుండేది. ఒక ఆదివారం పొద్దున్నే చెప్పాపెట్టకుండా విజిలు ఊదాను. తొమ్మిదో నెల మనిషిని, మోకాళ్ల నొప్పుల అత్తగారిని, బ్యాగుని ఆటో ఎక్కించి పటాన్‌చెరు ఆసుపత్రి గేటు దాకా తీసుకెళ్లి, వాచీ చూసుకుని, పద్నాలుగు నిమిషాలని రాసుకుని, వెనక్కి తిప్పమన్నాను. "పేషెంటును దించకుంటనే వాపస్ అంటరేంది సారూ" అన్నాడు ఆటో అతను. మా ఆవిడ పొట్ట కింద చెయ్యి పెట్టుకుని దారంతా నవ్వింది. "ఏవండీ, నొప్పులు కూడా మీ విజిలు వినే వస్తాయా?" అంది. అత్తగారు మాత్రం కిటికీ లేని ఆటోలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా రెండు వారాలుండగా, నేను డ్యూటీలో ఉన్న ఒక పూట ఇంట్లో మా ఆవిడకి ఉమ్మనీరు పోయింది. ప్రణాళికలో మొదటి అంశం నాకు ఫోను చేయడం. చేసింది. మళ్లీ చేసింది. మా ఫ్యాక్టరీలో భగ్గున అంటుకునే ద్రావకాలుంటాయి కాబట్టి సెల్‌ఫోన్లు లోపలికి తేకూడదు, గేటు దగ్గర ఇనప డబ్బాల్లో పెట్టి తాళం వేయాలి. ఆ నిబంధనని కట్టుదిట్టం చేసిన మహానుభావుణ్ణి నేనే. గేటు దగ్గర ల్యాండులైను ఉంది. దాని నంబరు ఫ్యాక్టరీలో ప్రతి గోడ మీదా ఎర్ర రంగుతో నేనే రాయించాను. ఇంట్లో ఇవ్వాలని మాత్రం తోచలేదు. చివరికి ఓనరమ్మే ఆటో పిలుచుకొచ్చి, కంటైనరు లారీల రద్దీలో ముప్పావు గంట ఇరుక్కుని, వాళ్లని ఆసుపత్రికి చేర్చింది. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారట. అత్తగారు ఏడుస్తూ పెన్ను కూతురి చేతిలో పెట్టేస్తే, ఒప్పుకోలు కాగితం మీద మా ఆవిడే సంతకం పెట్టుకుంది. సరిగ్గా ఆ సమయంలో నేను కొత్తగా వచ్చిన కాంట్రాక్టు కూలీలకి, ఆపద వస్తే కంగారు పడకుండా ఏం చేయాలో పాఠం చెబుతున్నాను.

భోజనం వేళ గేటు దగ్గరికి వెళితే, ఒడిశా నుంచి వచ్చిన వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "సాబ్, ఆప్‌కా డబ్బా బహుత్ బజా" అన్నాడు, నా డబ్బా తెగ మోగిందని. మరి నాకెందుకు కబురు పెట్టలేదంటే, ఎవరి డబ్బా జోలికీ పోవద్దని మీరే కదా సాబ్ చెప్పారు, అన్నాడు వాడి హిందీలో. వాణ్ణి అనడానికి ఏముంది? డబ్బాలో ఇరవై మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. అత్తగారు వరండాలో బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బిడ్డ చుట్టూ నేను వద్దన్న పాత చీర ముక్కే ఉంది. (కొత్త టవళ్లు గంజి వదలక నీళ్లే పీల్చలేదని తర్వాత తెలిసింది. ఆవిడ ఆ సంగతి ఒక్క మాట ఎత్తలేదు, ఎత్తినా బాగుండేది.) "ఆడపిల్ల, అల్లుడుగారూ. ఇద్దరూ క్షేమం" అన్నారు. బిడ్డ మీద చీర సర్దుతూ, "లోపలికి తీసుకెళ్లేదాకా అమ్మాయి తలుపు వంకే చూసిందండీ" అన్నారు నెమ్మదిగా. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "పరేషాన్ గాకుర్రి సారూ, ఇద్దరు మంచిగున్నరు గదా" అని ఓనరమ్మే సర్దిచెప్పింది.

మా ఆవిడ ఆ రోజూ, మర్నాడూ నాతో మాట్లాడలేదు. నీళ్లు అడగడానికి కూడా వాళ్లమ్మనే పిలిచేది. నా ప్రణాళికలో కాన్పు అవగానే 'ఇంటికి రావడం' అని రాసి ఉంది, మధ్యలో ఏమీ లేదు. ఊరికే కూర్చోలేక సెలైన్ చుక్కలు లెక్కపెట్టబోతే నర్సమ్మ, "గది మేం సూస్కుంటం, మీరు జెర కూసోర్రి" అంది. ఆమె మాటా నిజమే. ఆ గదిలో నాతో ఎవరికీ అవసరం లేదు. మా ఆవిడ నన్ను మళ్లీ దగ్గరికి రానిస్తుందా అని మొదటిసారి భయం వేసింది.

రెండో రోజు సాయంత్రం నర్సమ్మ వచ్చి, "ఇగ లేసి కిటికీ దాంక నడ్వాలె" అంది. అత్తగారు వేణ్నీళ్లకి కిందికి వెళ్లారు. "అమ్మ రానీయండి" అంది మా ఆవిడ. "అమ్మ మోకాళ్లు సూసినవా? సారును పట్టుకో" అంది నర్సమ్మ. వేరే దారి లేక నా భుజం పట్టుకుంది. ఒక్కో అడుగుకీ కుట్లు లాగి ఆమె వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. కిటికీ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, బయటికి చూస్తూ చెప్పింది. "మీరు రాలేదని కాదండీ నా బాధ. అమ్మ అప్పటికే ఏడుస్తోంది. నాకు భయంగా ఉందని చెప్పుకోవడానికి ఎవరూ లేరు."

ఈసారి గేటు నంబరు ఇస్తానని చెప్పబోయాను. "మీరేం చెప్పకండి, వినండి" అంది. విన్నాను. పెన్ను పట్టుకుంటే చెమటకి జారిపోవడం, ఆ ఆపరేషన్ బల్ల చల్లదనం, తను పోతే బిడ్డకి పాలెవరిస్తారని అనుకోవడం, అన్నీ వరసగా చెప్పింది. నాకు ఏడుపాగలేదు. ఆమె తల నా భుజానికి ఆనించి, "ఇప్పుడు కాస్త తేలిగ్గా ఉంది" అంది. "నడ్వమంటె నిలవడ్డరేంది ఇద్దరు" అని నర్సమ్మ వెనక నుంచి కేకేసింది.

పాప ఇప్పుడు రెండో తరగతి. ఫ్యాక్టరీలో నా కింద పాతికమంది పని చేస్తున్నారు, నేను నోరు తెరిస్తే రాసుకుంటారు. ఇంట్లో మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, "ఇవాళ ఏమైందంటే" అని మొదలుపెట్టగానే నా నాలుక చివర మూడు పరిష్కారాలు సిద్ధంగా ఉంటాయి. ఆమె నా ముఖం చూసి చిన్నగా వేలెత్తుతుంది. లోపలున్న ఆ కుర్ర సేఫ్టీ ఆఫీసరు, పాపం, మూడూ మింగేసి వింటూ కూర్చుంటాడు.