వాల్టర్ గారి తర్వాతి ఎత్తు

మా క్లినిక్‌లో నొప్పుల మందు మూత తీస్తే చాలు, ఆ ఘాటుకి వాల్టర్ గారు గుర్తొస్తారు. హెచ్-వన్ వీసా మీద అమెరికా వచ్చి, ఇర్వింగ్ ఊళ్లో ఫిజియోథెరపిస్టుగా చేరిన కొత్తలో నాకు అప్పజెప్పిన తుంటి ఆపరేషన్ పేషెంట్ ఆయన. ఎనభై ఎనిమిదేళ్ల వయసు, రెండుసార్లు విరిగిన ముక్కు. మొండివాడు రాజుకంటే బలవంతుడని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఒకప్పుడు ఆయన అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని జట్టును నడిపించే ఆటగాడు. తోలు టోపీలు పెట్టుకుని ఆడిన కాలమది. బయటి నుంచి కోచ్ సైగ కూడా చేయకూడదట. "పదిమందీ నా మొహమే చూసేవాళ్లు. తర్వాత ఏ ఎత్తు వేయాలో నేనే చెప్పాలి, తప్పయితే దెబ్బా నేనే తినాలి," అనేవారు. నాలుగు సీజన్లకే భుజం పోయింది. తర్వాత ముప్పై ఏళ్లు ఒక హైస్కూల్లో పిల్లలకు అదే ఆట నేర్పారు. ఇప్పుడు ఆ స్కూలు మైదానానికి ఆయన పేరు పెడుతున్నారు. అంచు నుంచి మధ్య గీత దాకా వీల్‌చెయిర్ లేకుండా నడవాలని ఆయన పట్టు. ఆరు వారాలే గడువు.

అడ్డం పడింది నేనే. పెద్దవాళ్లు లేవబోతే చెయ్యందించకుండా ఉండలేని పెంపకం నాది. ఆయన తూలకముందే మోచెయ్యి పట్టేసుకునేదాన్ని. మూడు వారాలైనా ఆయన నా చెయ్యి లేకుండా పది అడుగులు వేయలేకపోయారు.

"కిడ్, ఇక్కడ నడుస్తున్నది నువ్వా, నేనా?" అని అడిగారు ఒకరోజు.

"పడిపోతారేమోనని, అంకుల్."

"పడటంలో నాకు నాలుగు సీజన్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది. చేతులు వెనక్కి పెట్టుకో."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి ఆయన చేతికర్ర పట్టుకుని, "కర్ర, కుడి, ఎడమ" అని పైకి చెప్పుకుంటూ నడిచారు. నేను చేతులు వెనక కట్టుకుని పక్కనే నడిచాను.

మైదానానికి పేరు పెట్టే రోజు సాయంత్రం, మధ్య గీతకి ఇంకా సగం దూరం ఉండగా తడి గడ్డి మీద కర్ర జారింది. ఆయన ఒరిగి, ఎలాగో నిలదొక్కుకున్నారు. కానీ కాలు కదలడం లేదు. అంచున ఎవరో వీల్‌చెయిర్ తోసుకుంటూ బయల్దేరారు. వద్దని సైగ చేశాను. ఆయన వైపు వెళ్లబోయిన నా రెండు చేతులనూ బలవంతాన వెనక్కి లాక్కున్నాను. అంతకంటే కష్టమైన పని నేనింతవరకు చేయలేదు.

"తర్వాతి ఎత్తు ఏంటి, అంకుల్?"

ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "కర్ర," అన్నారు. కాసేపాగి, "కుడి." మధ్య గీత దాకా అలాగే వెళ్లారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా లేవబోతే నా చేతులు ముందుకే వెళ్తాయి. వాటిని వెనక కట్టుకుని, "ముందు ఏ కాలు?" అని అడుగుతాను. జవాబొచ్చేదాకా ఆగుతాను.