ఆ నిశ్శబ్దం ఆంటీది

ఆంటీ ఇంటికి నేను మొదట వెళ్ళింది స్నానం చేయించడానికీ, మాత్రలు వేయించడానికీ. న్యూజిలాండ్‌లో, వెల్లింగ్టన్‌లో కొండవాలు మీద ఇల్లు. బస్సు దిగి, గాలికి చున్నీ ఎగిరిపోకుండా పట్టుకుని మెట్లెక్కాలి. జీవితమంతా ఇంగ్లండులో నాటకాల్లో, టీవీలో, సినిమాల్లో నటించి, వయసు మీద పడ్డాక కూతురి దగ్గరికి వచ్చేసిన మనిషి ఆవిడ. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాలేదు. ఆంటీ అన్నాను.

ఆవిడ కళ్ళు చిట్లించి చూసి, "ఆ వేషం ఒక్కటే నాకెవరూ ఇవ్వలేదు. కానీ, వేసి చూద్దాం," అన్నారు.

మా మధ్య మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి. నాకు గుర్తుండటం మాత్రం తెలుగులోనే గుర్తున్నాయి.

తల తుడుస్తున్నప్పుడు ఆవిడ కబుర్లు చెప్పేవారు. చిన్న వయసులోనే ఒక సముద్రపు ఊళ్ళో నాటక కంపెనీలో చేరారట. అక్కడ వారానికో కొత్త నాటకం. పొద్దున వచ్చే వారం నాటకానికి రిహార్సల్, సాయంత్రం ఈ వారం నాటకం. మధ్యలో స్టేజీ ఊడవడం, అందరికీ టీ పెట్టడం, చిరిగిన గౌన్లు కుట్టడం. ఒక వారం పనిమనిషి వేషమైతే మరుసటి వారం రాణి. "రాణి గౌనూ నేనే కుట్టుకున్నాను, అందుకే కూర్చుంటే పిగిలిపోయింది," అని నవ్వేవారు. తర్వాత లండన్, పెద్ద థియేటర్లు, టీవీ. ఎక్కడా కథానాయిక కాలేదు. కథానాయికకి అక్క, తర్వాత తల్లి, తర్వాత అమ్మమ్మ.

"చివరికి నాకన్నీ చావులే ఇచ్చారు. బాగా చస్తానని పేరొచ్చేసింది, ఏం చెయ్యను!"

మా అమ్మాయి ఫోన్‌లో వెతికి ఒక పాత సినిమా పట్టుకుంది. "మమ్మీ, లుక్! మీ ఆంటీయే కదా?" ఆవిడే. ఏప్రన్ కట్టుకుని తలుపు తీసి, బయట నిలబడ్డ పిల్లని ఎగాదిగా చూసి, పక్కకి తప్పుకుంటారు. అంతే వేషం. కానీ ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా వండి వారుస్తున్న మనిషిలా ఉన్నారు. నేనది మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాను. అప్పగించిన పని అంత చిన్నదైనా అంత నిండుగా చెయ్యగలిగితే చాలు ప్రభువా, అనుకున్నాను.

ఒకరోజు స్వెట్టర్ బొత్తాలు పెడుతుంటే, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పారు. లండన్‌లో ఆఖరి నాటకంలో మాట ఆగిపోయిందట. ఎదురుగా ఉన్న నటుడు రెండు రకాలుగా అందించి చూశాడట. రాలేదు. జనం దగ్గడం మొదలుపెట్టారు, తెర దించేశారు. ఆ తర్వాత ఆవిడ స్టేజీ ఎక్కలేదు.

అందుకే, హార్బర్ పక్కనున్న ఒక చిన్న థియేటర్ వాళ్ళు వచ్చి, పావుగంట నాటకం ఒకటి ఉంది, ఒక్కరే మనిషి, మీరు చేస్తారా అని అడిగినప్పుడు ఆవిడ కూతురు భయపడింది. శనివారం మధ్యాహ్నం ఒక ఆట, ఆదివారం మధ్యాహ్నం ఒక ఆట. భర్త అంత్యక్రియలయ్యాక వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోతే, ఒకావిడ కప్పులు కడుక్కుంటూ ఆయనతో మాట్లాడుతూ ఉంటుంది. అదీ కథ.

"ఎవరికి నిరూపించాలమ్మా?" అంది కూతురు.

"ఎవరికీ కాదు. మధ్యలో దించేశారు నన్ను. చివరిదాకా ఆడి, నా అంతట నేను దిగాలి. ఒక్కసారి."

కూతురు ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. నేను ముందు వరసలో కూర్చోవాలి, ఆగితే మాట అందించాలి. శనివారం ఎలా జరుగుతుందో చూశాకే ఆదివారం సంగతి. నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, "ఒక్క క్షణం కూడా చూడొద్దు, వెంటనే అందించెయ్. అమ్మని మళ్ళీ అలా చూడలేను," అంది. కళ్ళలో నీళ్ళు.

నేను సరేనన్నాను. అందించడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన పనే. మా నాన్నగారు సువార్త పని మీద ఊళ్ళు మారుతుండేవారు, నాకు బడి కుదరలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. చదువంటే ఎక్కువగా కంఠతా వాక్యాలే. ఆదివారం పిల్లలం సంఘం ముందు నిలబడి అప్పజెప్పేవాళ్ళం. ఎవరైనా తడబడితే చాప మీద ముందు కూర్చున్న తల్లులందరూ ఒక్కసారే తర్వాతి మాట అందించేవారు. ఎవరి బిడ్డన్నది చూసేవారు కాదు. పిల్లని మౌనంలో నిలబెట్టి ఉంచడం మా వాళ్ళకి తెలీదు.

ఆంటీ ఇంట్లో రిహార్సల్ చేస్తున్నప్పుడూ అదే చేశాను. ఆవిడ కప్పు తీసుకుని ఆగారు, నేను అందించాను. కిటికీ వైపు తిరిగి ఆగారు, అందించాను. కుర్చీ వెనక చెయ్యి వేసి ఆగారు.

"నీకు..." అన్నాను.

ఆవిడ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టారు. "నాకు మాట రాక ఆగాననుకున్నావా? ఆ నిశ్శబ్దం నాది! దాన్ని సంపాదించడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నువ్వేమో తుడుపుగుడ్డ పట్టుకుని అందులోకి వచ్చేస్తున్నావు."

నేను నాటకం కాగితంలోంచి తలెత్తాను. "మరి నిజంగా మర్చిపోతే ఎలా తెలుస్తుందాంటీ?"

"కాగితం చూస్తే తెలీదు. నన్ను చూడు."

ఆవిడని చూడాలంటే నాకు కాగితం అక్కర్లేకుండా ఉండాలి. అమ్మ నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఊడుస్తూ ఒక మాట, పోపు వేస్తూ ఒక మాట. నోటికి ఇంగ్లీషు, మనసుకి తెలుగు అర్థం, రెండూ కలిపి పట్టుకునేదాన్ని. ఒకరోజు పులుసు కలుపుతూ, నాటకంలో ఆవిడ చనిపోయిన భర్తతో అనే మాట గట్టిగా అప్పజెబుతున్నాను. నువ్వు లేని ఇల్లు ఇంత పెద్దదని తెలీలేదు, అన్నది ఆ మాట. వెనకాల మా ఆయన నిలబడి ఉన్నారు.

"ఏవే, నేనింకా పోలేదే! కాస్త ఆ అన్నమేదో పెట్టి, తర్వాత ఏడువు."

మర్నాడు చెబితే ఆంటీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకుని అన్నారు, "మా ఆయన పోయినప్పుడు నేను షూటింగ్‌లో ఉన్నాను. ఎవరి పెళ్ళిలోనో నవ్వుతూ ఉన్నాను." ఆ రోజు ఇక రిహార్సల్ చెయ్యలేదు. ఆవిడ ఊరుకున్నంతసేపూ నేనూ ఊరుకున్నాను. ఆ పని కూడా చెయ్యగలనని నాకు అప్పుడే తెలిసింది.

శనివారం వచ్చింది. చిన్న హాలు, నిండిపోయింది. నాకు ఒక పక్క ఆంటీ కూతురు. లైటు పడేసరికి పొద్దున నేను చొక్కా తొడిగిన మనిషి అక్కడ లేరు. ఎవరో ఒకావిడ, నడుం మీద చెయ్యి వేసుకుని, సింకు నిండా కప్పులు చూసి నిట్టూర్చింది. హాల్లో ఎవరో సన్నగా నవ్వారు. ఆవిడ ఆగిన చోటల్లా జనం ఊపిరి బిగపట్టి ఆగారు. నేను పెదవి కరుచుకుని కూర్చున్నాను.

సగం దాటాక ఒక కప్పు తుడుస్తూ ఆగారు. రిహార్సల్లో ఎప్పుడూ అక్కడ ఆగలేదు.

కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పు," అంది గుసగుసగా. "చెప్పవా?"

నేను ఆంటీని చూశాను. చెయ్యి ఇంకా కప్పుని తుడుస్తూనే ఉంది. భయమున్న చెయ్యిలా లేదు. ప్రభువా, తొందరపడనివ్వకు నన్ను, అనుకున్నాను. "ప్లీజ్," అంది కూతురు. వెనక ఎవరో దగ్గారు. అప్పుడు ఆవిడ కప్పు మీద నుంచి కళ్ళెత్తి నేరుగా నన్ను చూశారు. దాచుకోలేదు. ఆ చూపుతోనే అడిగారు.

"వాన," అన్నాను.

అన్నాక వినబడింది నాకు, ఏ భాషలో అన్నానో. ఆవిడ కనుబొమ్మ ఒకటి పైకి లేచింది, పెదవి చివర కదిలింది. నేను గబగబా ఇంగ్లీషులో మళ్ళీ అందించాను, కాస్త గట్టిగానే.

"అవును," అన్నారు ఆవిడ, ఇంట్లో మనిషికి జవాబు చెప్పినట్టు. "వాన వస్తోంది. నీ కోటు బయటే ఉండిపోయింది." ఆ అవును నాటకంలో లేదు. అక్కడి నుంచి మాటలు వాటంతట అవే వచ్చాయి. చివరి కప్పు బోర్లించి, లైటు ఆపి, ఆవిడ తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ లోపలికి వెళ్ళారు. చప్పట్లు వినబడ్డాయి గానీ నాకేమీ కనబడలేదు. స్తోత్రం, స్తోత్రం అనుకుంటూ కూర్చుండిపోయాను.

లోపలికి వెళ్ళేసరికి ఆవిడ అద్దం ముందు కూర్చుని దూదితో మొహం రుద్దుకుంటున్నారు. కూతురు వెనక నుంచి వాటేసుకుని మెడలో మొహం దాచుకుంది.

"నిజంగానే మర్చిపోయాను," అన్నారు ఆంటీ అద్దంలో నన్ను చూస్తూ. "ఏమిటి నువ్వు ముందు అన్నది?"

"తెలుగు వచ్చేసిందాంటీ. క్షమించండి."

"బావుంది. కానీ రేపు మాత్రం ఇంగ్లీషులోనే మొదలుపెట్టు."

రేపు అన్న మాట విని నేను కూతురి వైపు చూశాను. ఏమంటుందో అని ఆవిడా దూది ఆపి చూస్తున్నారు. కూతురు తలెత్తి, ముక్కు తుడుచుకుని, నన్నడిగింది.

"మీ చర్చి ఎన్నింటికి అయిపోతుంది? నేనొచ్చి కార్లో తీసుకొస్తాను."