ఏడో నంబరు గదిలో పడవ వాటా

అవనిగడ్డ దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే నాగమల్లేశ్వరి టీచరు గురించి రాస్తున్నాను. పేపర్లో ఫొటో పడేంత గొప్ప మనిషేం కాదు. భాగహారం చేయించి, చివర్న "మిగిలింది ఎవరిదిరా?" అని అడిగితే క్లాసంతా "పడవదండీ!" అని అరుస్తుందట. ఆ పడవ సంగతి ఆ పిల్లలకి తెలియదు. నాకు తెలుసు. బందరులో మేమిద్దరం ఒకే గదిలో ఉండి డిగ్రీ చదివాం.

అది 1998 జూలై. మాది గూడూరు, బస్సెక్కితే అరగంట. అయినా మా నాన్న యాకోబు గారిని నెలరోజులు సతాయించి హాస్టల్లో చేరాను. ఇంట్లో తొమ్మిదిమందిమి. నాదంటూ గోడకి ఒక మేకు కూడా ఉండేది కాదు. అందుకే ఏడో నంబరు గదిలో గోడకి మేకు కనపడగానే పరుగెత్తుకెళ్ళి నా అద్దం తగిలించేశాను. బకెట్టు మీద ఎర్రరంగుతో నా పేరు, పెట్టెకి నా తాళం! ఆ రోజంతా నా కాళ్ళు నేలమీద లేవు.

కాసేపటికి గుడివాడ నుంచి భార్గవి దిగింది. తువ్వాలు నాలుగు మడతలు వేసి, ఆ మడతలు సరిగ్గా వచ్చాయో లేదో మళ్ళీ చూసుకునే రకం. తర్వాత ఘంటసాల నుంచి సుబ్బాయమ్మ. నాయనమ్మ పేరు పెట్టారని ఏడ్చేది గానీ, తిండి దగ్గర మాత్రం నవ్వు మొహమే. సాయంత్రానికే మేము ముగ్గురం "ఒసే" అంటే "ఒసే" అనుకునేదాకా వచ్చాం. కోనేరు సెంటర్‌కెళ్ళి లడ్డూలు కొనుక్కుని, దారంతా తింటూ, ఎందుకో కూడా తెలియకుండా నవ్వుకుంటూ వచ్చాం. జన్మలో అంత సంతోషం ఎరగను.

నాలుగో రోజున వచ్చింది నాగమల్లేశ్వరి. పాలకాయతిప్ప పక్కన చేపలవేట చేసుకునే వాళ్ళ పిల్ల. రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో సంచీ, నెత్తిన చాప. గదిలో ఉన్నవి మూడే మంచాలు. ఆమె ఒక్కమాట అడగకుండా తలుపు పక్కన చాప పరుచుకుని, అందరికీ ఒక నవ్వు నవ్వింది.

ఆ వారమే సుబ్బాయమ్మ వాళ్ళింటి నుంచి సున్నుండలు వచ్చాయి. పంచుకోబోతే కొట్లాట. మల్లేశ్వరి లేచి కాగితం పరిచి వాటాలు పెట్టింది. నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టింది.

"నేను చూపిస్తా, నువ్వు పేరు చెప్పు. పెట్టినోళ్ళు పేరు చెప్పకూడదు, పేరు చెప్పేవోళ్ళు చూడకూడదు. మా రేవులో చేపలు ఇట్టాగే పంచుతారు."

"ఇదెవరిది?" అంటే ఒక పేరు, "ఇదెవరిది?" అంటే ఇంకో పేరు. నలుగురి పేర్లూ అయిపోయాయి. తిరిగి చూస్తే ఇంకా ఒక వాటా మిగిలే ఉంది.

"లెక్కల గ్రూపులో సీటెట్లా ఇచ్చారే నీకు? నలుగురికి ఐదు వాటాలా?" అన్నాను. మా అమ్మ అంటుంది, నా నోరు ముందు పుట్టి నేను తర్వాత పుట్టానని.

"ఐదోది పడవది. పడవ మరమ్మతుకి, జ్వరం వచ్చి వేటకి రాలేనోళ్ళకి. పడవకి తియ్యకుండా మేము పంచుకోం."

మరి ఇక్కడ పడవ ఏదీ అంటే గది చుట్టూ చూసి, "ఇదే" అంది. పడీ పడీ నవ్వాం. నవ్వాం గానీ, ఆనాటి నుంచీ ఏది వచ్చినా పడవ వాటా ఒక రేకు డబ్బాలోకి వెళ్ళేది. ఒకరోజు మెస్సులో సాంబారు గురించి వంటావిడతో గొడవపడి, అన్నం తినకుండా వచ్చి ముసుగుతన్ని పడుకున్నాను. మల్లేశ్వరి ఆ డబ్బా తెచ్చి నా తల దగ్గర పెట్టింది. అలిగినదాన్ని ఎంతసేపు ఆగుతాను? రెండు సున్నుండలూ తినేశాను.

వానలు పట్టుకున్నాయి. నేల చెమ్మగిల్లింది. వార్డెన్ అన్నమ్మ గారు వచ్చి చాప ఎత్తి చూశారు.

"కింద పడుకోవడానికి వీల్లేదమ్మా, జ్వరాలొస్తాయి. నాలుగో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. మిగతా గదులూ నిండిపోయాయి. శనివారానికి ఏ మంచం ఎవరిదో రాసివ్వండి. పేరు లేని అమ్మాయి వేరే చోటు చూసుకోవాలి."

ఆవిడ అటు వెళ్ళగానే ఇటు నా నోరు లేచింది. "ఆఖర్న వచ్చినవాళ్ళే వెళ్ళాలి. ఎక్కడైనా అంతే కదా."

"గూడూరెంతే? అరగంట. నువ్వే రోజూ ఇంటి నుంచి రావచ్చుగా," అంది సుబ్బాయమ్మ.

ఒళ్ళు మండిపోయింది. అది నిజం కాబట్టి ఇంకా మండింది. భార్గవైనా రైల్లో వచ్చిపోగలదు, సుబ్బాయమ్మకి బస్సుంది. మల్లేశ్వరికే ఏ దారీ లేదు. ఊరినుంచి రోజూ వచ్చిపోవడం అయ్యేపని కాదు, బందరులో తెలిసినవాళ్ళు లేరు.

"ఇక్కడ చోటు లేకపోతే నా చదువు ఇంతే," అంది మల్లేశ్వరి. ఏడవలేదు. "అయినా మా రేవులో ఆఖర్న వచ్చినోళ్ళకి వాటా తగ్గించరు. పంచుకుందాం."

మూడు మంచాలు, తలుపు. నాలుగు వాటాలు. తలుపు వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలి. సున్నుండలకి నేనే పేర్లు చెప్పాను కాబట్టి ఇప్పుడూ నన్నే గోడవైపు తిప్పారు. నా ఎదురుగా నా మేకు, నా అద్దం. అందులో మల్లేశ్వరి, ఆమె వేలు, వెనక గదంతా కనపడుతున్నాయి. కళ్ళు మూసుకోవాల్సింది. మూసుకోలేదు.

వేలు కిటికీ పక్క మంచం మీదికి వెళ్ళింది. "ఇదెవరిది?"

"సుబ్బాయమ్మది."

గోడవారన చినుకులు పడే మంచం. "ఇదెవరిది?"

"భార్గవిది." ఫ్యాను కింది మంచం నాకోసం ఆపుకున్నానని వేరే చెప్పాలా?

వేలు తలుపు మీదికి వెళ్ళింది. "ఇదెవరిది?"

మిగిలింది మేమిద్దరమే. 'మల్లేశ్వరిది' అంటే చాలు, ఫ్యాను నాది, మేకు నాది. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అద్దం పక్కన కిటికీ గట్టు మీద పడవ వాటా రేకు డబ్బా ఉంది. దాన్ని చూశాక ఆ పేరు పలకలేకపోయాను. సిగ్గేసింది.

"పడవది," అన్నాను.

"ఏంటే?" అంది భార్గవి.

"ఎప్పుడూ ఒకటి ఎక్కువ పెట్టేదిగా, ఇవాళ నాలుగే పెట్టిందేం? పడవకి తియ్యకుండా పంచుకోం అందిగా? తలుపు పడవది. దాన్ని ఎవరూ తీసుకోవడానికి లేదు!"

మల్లేశ్వరి వేలు ఫ్యాను కింది మంచం మీదికి వెళ్ళింది. "మరి ఇదెవరిది?"

"మనిద్దరిదీ."

సుబ్బాయమ్మ వేసిన కేకకి పక్క గది వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నలుగురం ఆ మంచం మీదికే ఎక్కి గంతులేశాం. శనివారం కాగితం చూసి అన్నమ్మ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఒక్క మంచం మీద ఇద్దరు పడుకోగలరా?"

"మా పడవలో నలుగురు పడుకుంటారండీ," అంది మల్లేశ్వరి.

"కిందపడితే నన్ననకండి," అని ఆవిడ సంతకం పెట్టేశారు. మేము పడ్డాం కూడా. మూడేళ్ళలో ఆరుసార్లు. అందులో ఐదుసార్లు నేనే.

చివరి పరీక్ష అయ్యాక పెట్టెలు సర్దుకుంటున్నాం. మేకు నుంచి అద్దం తీస్తుంటే ఇక దాచుకోలేకపోయాను.

"ఒసే మల్లీ, ఆ రోజు వాటాలప్పుడు అద్దంలో అంతా చూశానే."

"తెలుసు," అంది, దుప్పటి మడతపెడుతూనే. "అద్దంలో నీకు నేను కనపడితే, నాకు నువ్వు కనపడవా?"

చేతిలో అద్దం మంచం మీద పెట్టేసి మల్లేశ్వరి ముందుకెళ్ళాను.

"తెలిసీ తలుపు చూపించావా? నీ పేరు చెప్పేసుంటేనో?"

"చెప్తే వెళ్ళిపోయేదాన్ని," అంది. "ఇటు రా, ఈ దుప్పటి ఆ కొస పట్టుకో."