వలయం దాటిన నాలుగు చుక్కలు

కాలేజీలో గణితశాఖ వాళ్లంతా ఆమెను చుక్కలక్క అనేవారు. అవును మరి, పదకొండేళ్లుగా ఆమె పని అదే. ఒక్కో బహుపది విలువ ఎక్కడెక్కడ సున్నా అవుతుందో లెక్కగట్టి, ఆ చోట్లను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టాలి.

"చుక్కలు పెట్టడానికి జీతమిస్తారటే? మనింట్లో ఈగలు ఊరికే పెడుతున్నాయి!" అని అత్తగారు పగలబడి నవ్వేవారు.

శాఖకు పెద్ద అయిన పెద్దసారు నమ్మకం ఒక్కటే: తాను కనిపెట్టిన బహుపదుల కుటుంబంలో దేన్ని తీసుకున్నా చుక్కలన్నీ ఒకే వలయం మీద కూర్చుంటాయని. ముప్పయ్యోది దాకా కూర్చున్నాయి కూడా, బుద్ధిగా. ఆ ధీమాతోనే ఆయన వ్యాసం రాసేశారు. ఆ మధ్యాహ్నమే దాన్ని పత్రికకు పంపాలి. ఆయన బల్ల మీదే, చుక్కలక్క ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన సంతకం కోసం ఎదురుచూస్తోంది.

ఆ పొద్దున ముప్పై ఒకటోది కొంప ముంచింది. రెండు చుక్కలు వలయం బయట, రెండు లోపల! లెక్క మూడుసార్లు తిరగేసింది. అవి కదిలితేగా? చెబితే ఆయన ఏడేళ్ల కష్టం మట్టిపాలు. తీరా తన లెక్కే తప్పని తేలితే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాలి. నోరు మూసుకుంటే ఇద్దరూ చల్లగా ఉంటారు. ఛీ, అలాంటి చల్లదనం ఎవరిక్కావాలి!

కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పరిచింది.

"సిరా మరక అయ్యుంటుంది" అన్నారాయన, చూసీ చూడకుండానే.

"మరక నాలుగు చోట్ల కొలిచినట్టు పడుతుందా సార్?"

"అయితే ఏదో అంకె తప్పు ఎక్కించుంటావు."

"తప్పుకి ఇంత పొందిక ఎక్కడిది సార్? చూడండి. పైనున్న దానికి అద్దంలోలా కింద ఒకటి. బయటున్న దానికి లోపల జోడీ. మీ బహుపదుల్లో అంకెలు ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటేననీ, అందుకే వలయం తప్పితే నాలుగు చుక్కలూ కలిసే తప్పుతాయనీ మీరే చెప్పారు. ఒక్క అంకె తప్పు వేసుంటే ఈ పొత్తు చెడిపోయేదే."

ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత పాలిపోయింది. పెన్సిలు లాక్కుని గంటసేపు తలెత్తలేదు. కాళ్లు పీకుతున్నా ఆమె నిలబడే ఉంది, ఎప్పటిలాగే.

చివరికి ఆయన వ్యాసాన్ని సొరుగులోకి తోసేశారు. ఆమె ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టారు. ఆ పైన, ఉన్నట్టుండి నవ్వారు.

"ముప్పై దాకా బుద్ధిగా ఉన్నవి ఇక్కడెందుకు దారి తప్పాయో? అసలు ప్రశ్న ఇదమ్మా! నేనింకా మొదలే పెట్టలేదన్నమాట." పక్కనున్న కుర్చీ లాగారు. "కూర్చో. ముప్పై రెండోది ఇద్దరం కలిసి వేద్దాం."

పదకొండేళ్లలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.