వెనక ఎత్తిపోతల

మా అత్తకి ఫొటోల పిచ్చి. ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి వచ్చిన ఒక విదేశీ ఆవిడ మాచర్లలో కారు మాట్లాడుకుని, పల్లెల్లో జనం రోజూ ఎలా బతుకుతారో ఫొటోలు తీస్తూ తిరుగుతోందని తెలిసింది. ఇంకేం, మా అత్త పొద్దున్నే పట్టుచీర కట్టి, ఉన్న నగలన్నీ దిగేసుకుని, ఫ్రిజ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వెల్దుర్తి దగ్గర మా ఊళ్ళో ఆ రోజు వీధి వీధంతా అలాగే తయారై ఉంది.

పాపం, ఆవిడకి ఫ్రిజ్‌లు అక్కర్లేదు. మర్యాదకి ఒక ఫొటో నొక్కి, తిన్నగా పెరట్లోకి వచ్చేసింది. అక్కడ కుడితి గోలెం పక్కన నేను అన్నం తింటున్నాను.

అంతకు ముందు ఏడాది ఒకసారి మా అత్తకి ఎదురు చెప్పాను. "ఎదురు మాట్టాడే నోటికి ఇంట్లో కంచం లేదు, గొడ్ల కాడికి పో" అంది. అప్పటి నుంచి అందరూ తిన్నాక, సొట్టపోయిన సత్తు కంచంలో, గేదె పక్కన నా భోజనం. నా మొగుడు నాపరాళ్ళ లారీ నడుపుతాడు. ఇంట్లో ఉన్న రోజు కూడా తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాడు.

కెమెరా చూసి సిగ్గుతో లేవబోయాను. కారు డ్రైవర్ ఆపాడు.

"లెగొద్దమ్మా. అట్టాగే తింటా ఉండమంటుంది. ఆమెకి ఇట్టాంటివే కావాలంట."

ఆవిడ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీస్తూనే ఉంది. గేదె పక్కన ఎందుకు తింటున్నావని అడగలేదు. వెలుతురు చాలా బాగుందని మాత్రం డ్రైవర్ చేత చెప్పించింది. నాకు ఒళ్ళు మండింది. ముద్ద చేతిలో అలాగే పట్టుకుని, తలెత్తి, కెమెరాలోకి సూటిగా చూశాను.

డ్రైవర్ నా నంబరు అడిగి, ఆవిడ దగ్గర తీసుకుని ఆ ఫొటో నా ఫోన్‌కి పంపాడు. అన్నీ పడ్డాయి. గోలెం, అందులో మూతి పెట్టిన గేదె, సొట్ట కంచం, ముద్ద పట్టిన చెయ్యి, పొడుచుకొచ్చిన నా మెడ ఎముకలు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గురజాలలో ఉన్న మా అమ్మకి ఏడాదిగా ఫోన్‌లో చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. "మరీ అంత ఇదిగా ఉంటదా? కాస్త ఎక్కువ చేసి చెప్తన్నావేమోనే" అనేది. నా అంతట నేను ఫొటో తీసి పంపితే నాటకం అనేవాళ్ళు. ఇది ఎవరో పరాయి మనిషి తీసింది. నాన్నకి పంపాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఇంక నన్ను తీసుకెళ్ళడానికి రాకుండా ఎలా ఉంటాడని చీరలు సంచిలో సర్దుకుని తలుపు వెనక పెట్టుకున్నాను. బస్సు హారన్ వినపడ్డప్పుడల్లా రోడ్డు వైపు చూసేదాన్ని.

ఆయన రాలేదు. కొన్నాళ్ళకి, ఇంటికి కొత్త గది వేయించాం, పాలు పొంగిస్తున్నాం రమ్మని అమ్మావాళ్ళు పిలిచారు. వెళ్ళాను.

ముందు గదిలో టీవీ పైన పెద్ద ఫొటో. అందులో నేనే. నా వెనక ఎత్తిపోతల దూకుతోంది.

"మాచర్ల స్టూడియోలో చేయించాం" అంది అమ్మ మురిపెంగా. "ఆ గోలెం, గేదె, కంచం, చేతిలో ముద్ద, అన్నీ తీసేయించా. ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారే? మెళ్ళో గొలుసు కూడా ఏయించాం, ఎముకలు కనపడకుండా. ఎట్టా ఉంది?"

అంటే అన్నీ చూశారు. ఒక్కటి కూడా వదలకుండా చూశారు. ఫొటోలో నా వేళ్ళు మాత్రం ఖాళీగా, ముద్ద పట్టినట్టే ముడుచుకుని ఉన్నాయి. నాన్న వైపు తిరిగాను. ఆయన టీవీ సౌండ్ పెంచాడు. ఆ రిమోట్ లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది.

ఇంతలో పక్కింటి పిన్ని వచ్చింది. "ఏమే, ఎత్తిపోతల పొయ్యొచ్చావంటగా? నీళ్ళు బాగా పడతన్నాయా?"

ఆమె వెనక నిలబడి అమ్మ నా నోటి వంకే చూస్తోంది.

"చానా పడతన్నాయి పిన్నీ" అన్నాను.