మావయ్య చెక్కిన పేర్లు

మా మావయ్య పోయాడు. పలాసలో డయాలసిస్ చేయించుకుని వచ్చి, ఇంటి అరుగు మీద కూర్చుని నీళ్ళడిగాడట. అత్త చెంబు తెచ్చేలోగా అయిపోయింది. ఫోన్లో ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఇది వార్త కూడా కాదు.

మీరాయన్ని ఎరగరు. సముద్రంలో చేపల వేటకెళ్ళే కుటుంబంలో పుట్టి, ఓడల్లో వడ్రంగిగా తిరిగాడు. ఒకసారి ఓడ మరమ్మతుకు ఆగితే జర్మనీలో స్టాడే అనే చిన్న ఊళ్ళో కొన్నాళ్ళు ఉండిపోయాడు. ఎన్ని రేవులు చూసినా ఆయన మనసు పడింది ఆ ఊరి మీదే. అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు: కర్ర దూలాల మధ్య ఇటుకలు పేర్చిన ఇళ్ళు, ఊళ్ళోకి వచ్చే సన్నని ఏరు, ఒడ్డున చేపల బజారు, సరుకు దింపే పాతకాలపు కర్ర యంత్రం.

"మన బారువ రేవులాగే అక్కడా పెద్ద ఓడలు రావడం మానీసినాయిరా. ఓపాలి ఊరంతా కాలిపోయిందట. బూడిద ఎత్తి మళ్ళీ కట్టుకున్నారు. ఎవులు కట్టినారో గుమ్మం మీద సెక్కినారు. వందల ఏళ్ళయినా ఆ పేర్లు సదువుకోవచ్చు."

ఆ పద్ధతే మా ఊరికి తెచ్చాడు. ఎవరు ఇల్లు కట్టినా ఉలి పట్టుకుని వెళ్ళి, ద్వారబంధం నిలబెట్టే ముందు పైచెక్క మీద ఆలుమగల పేర్లు చెక్కేవాడు. కూలి తీసుకోడు గానీ టీ మాత్రం రెండోసారి అడిగి తాగుతాడు. నేను అక్షరాలు కూడబలుక్కున్నది మా గుమ్మం మీద అమ్మానాన్నల పేర్లు చూసే. తుపానుకి కొబ్బరితోటలు కూలినా ఆ గుమ్మాలు నిలబడ్డాయని ఆయనకి ఎంత గర్వమో!

తర్వాత ఆ పేర్ల మనుషులు ఒక్కొక్కరే కిడ్నీలు పాడై పోసాగారు. పేర్లు చెక్కని ఇళ్ళలోనూ పోయారు, అది ఎవరి కంటికీ ఆనలేదు. "బతికున్నోల పేరు సెక్కితే సావుకి దారి సూపినట్టే" అన్నారు ఊళ్ళోవాళ్ళు. చిత్రిక పట్టి పేర్లు తీసేశారు. మా నాన్న కూడా తీయించాడు. మావయ్య ఎవరితోనూ గొడవ పడలేదు. తన గుమ్మం మీద మాత్రం తన పేరూ అత్త పేరూ ఇంకాస్త లోతుగా చెక్కుకున్నాడు.

"నాను బతికి సూపిత్తానురా" అన్నాడు. చూపించలేకపోయాడు.

దినకర్మలయ్యాక వాళ్ళబ్బాయి చిత్రిక తెచ్చాడు. అత్త రక్తపరీక్ష కూడా బాగా రాలేదు. వద్దని చెప్పబోయాను.

"పేరు వల్ల కాదని నాకూ తెలుసు బావా. మరెందువల్లో ఎవులు సెప్పినారు? అమ్మ ఒకర్తే మిగిలింది. నానేటి సెయ్యాల?"

 

వాడు స్టూలెక్కి ముందు అత్త పేరు మీదే చిత్రిక పెట్టాడు. అత్త వచ్చి కింద నిలబడి, రాలుతున్న చెక్కపొట్టు నేల మీద పడకుండా కొంగు పట్టింది.