పెన్సిల్‌తో రాసిన అంకె

ఓడరేవు దగ్గర మా కంపెనీలో పింఛన్లు చూసే పెద్ద గుమాస్తా అన్నీ పెన్నుతో రాసేవారు, వడ్డీ రేటు ఒక్కటి మాత్రం పెన్సిల్‌తో. రాబోయే ఏళ్ళ పింఛన్లకు ఇవాళ ఎంత పక్కన పెట్టాలో ఆ రేటే తేల్చేది. ఎక్కువ వడ్డీ వస్తుందనుకుంటే తక్కువ పెట్టినా సరిపోతుంది, మిగిలింది లాభంలో చూపించొచ్చు. అందుకే లాభం తగ్గినప్పుడల్లా మేనేజరు రేటు పెంచమనేవారు.

ఆయన పాత అంకె చెరిపి, రబ్బరు పొట్టు ఊది, ఎర్రదుమ్ము పట్టిన కిటికీ తెరిచేవారు. కింద పింఛను కోసం పాత కళాసీలు నిలబడి ఉండేవారు.

"కాయితం మీద మన బాకీ తగ్గిపోనాది బావా. వరసలో మడుసులు తగ్గనేదు," అనేవారు పక్క బల్ల దగ్గర చిన్న గుమాస్తాగా ఉన్న నాతో.

"మేనేజరుకి చెప్పొచ్చు కదండీ," అన్నాను ఒకసారి.

"పదేళ్ళు సెప్పినాను. ఇంకేటి సెప్పేది?"

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకొచ్చింది. మొదటి ఏడాదే ఏడు శాతాన్ని తొమ్మిది చెయ్యమన్నారు. పాత అంకె చెరిపి, పెన్సిల్‌తో తొమ్మిది రాశాను. పొట్టు ఊది కిటికీ తెరిస్తే, వరసలో ఆయన కూడా ఉన్నారు. నన్ను చూసి, ఎంత అన్నట్టు చెయ్యి తిప్పారు.

తొమ్మిది వేళ్ళు చూపించాను.

ఆయన తలూపి, వరసలో ఒక అడుగు ముందుకు జరిగారు.